కట్టెల పొయ్యి: పొగ తగ్గిన కట్టె మిగులును

ఇల్లు ఎంత చిన్నదైనను అందులో ఒక పొయ్యి ఉండక తప్పదు. మూడు రాళ్లు పేర్చి నడుమ నిప్పు వేసినది మొదలు, అలికి ముగ్గు పెట్టిన జంట పొయ్యి వరకు, మన గ్రామములలో పొయ్యి పెక్కు రూపములలో కనిపించును. రూపమేదైనను దానివలన ఇల్లాలికి కలుగు చిక్కులు రెండు: కట్టె చాలదు; పొగ పోదు. ఈ రెండును వేర్వేరు చిక్కులని మనము తలచుచుందుము. నిజమునకవి ఒక్కటే. అది ఎట్లో, దానిని తెలిసికొనుటవలన ఇంటికి కలుగు లాభమేమో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

గ్యాసు వచ్చిన పిమ్మట కట్టెల పొయ్యి మాట ఎందుకని కొందరు అడుగవచ్చును. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకము, 2016 మే 1వ తేదీన ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ప్రారంభమైన ప్రధానమంత్రి ఉజ్జ్వల యోజన, లక్షలాది పేద కుటుంబముల వంటయిండ్లకు గ్యాసును చేర్చినవి. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, వంటకు గ్యాసు మున్నగు శుభ్రమైన ఇంధనము వాడు కుటుంబములు దేశమంతటిలో 58.6 శాతము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ఆ సంఖ్య 80 శాతమును దాటినది. ఇది సంతోషింపదగిన సంగతియే. అయినను గ్యాసు ఉన్న ఇంటి పెరటిలో కట్టెల పొయ్యి గూడ మండుచునే యున్నది. స్నానములకు నీళ్లు కాచుటకు, పశువులకు ఉలవలు ఉడికించుటకు, పెండ్లిండ్లకు పెద్ద గుండిగలు ఎక్కించుటకు, ఒక సిలిండరు అయిపోయి రెండవది వచ్చువరకు నాలుగు దినములు గడుపుకొనుటకు, మనకు కట్టెయే దిక్కగుచున్నది. మండించక తప్పని కట్టెను మేలుగా మండించుట మంచిది కదా!

పొగ యనగా నేమి?

కట్టె మండుచున్నదని మనమందుము. కాని కట్టె నేరుగా మండదు. నిప్పు తగిలిన వెంటనే మొదట అందులోని నీరు ఆవిరియై పోవును. నీరు పోవువరకు కట్టె వేడి 100 డిగ్రీలకు మించి పెరుగజాలదు. తరువాత వేడి 200 డిగ్రీలు దాటి 300 సమీపించుసరికి కట్టె తనలో తాను విడిపోయి, మండు స్వభావముగల వాయువులను వెలువరించును. మనము చూచు మంట ఆ వాయువులు గాలితో కలిసి మండుటయే. ఎండిన కట్టె బరువులో సుమారు నాలుగింట మూడు పాళ్లు ఈ విధముగా వాయువులుగనే వెడలిపోవును. మిగిలినది బొగ్గు. అది మంట లేకుండ ఎఱ్ఱగా కణకణలాడుచు కాలి, తుదకు బూడిద యగును.

ఈ వాయువులు పూర్తిగా మండుటకు మూడు కావలెను: తగిన వేడి, తగిన గాలి, రెండును కలియుటకు కొంత చోటు. ఈ మూటిలో ఏది కొఱవడినను వాయువులు మండకయే చల్లబడి పొగగా మారును. అనగా పొగ మండకుండ పోయిన కట్టెయే. కొవ్వొత్తిని ఊది ఆర్పి, వెంటనే పైకి లేచు తెల్లని పొగకు అగ్గిపుల్ల చూపినచో, మంట ఆ పొగవెంట దిగివచ్చి వత్తిని మరల వెలిగించును. పొగలో ఇంకను మండదగిన పదార్థ మున్నదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. గిన్నె అడుగున పట్టిన మసి, గోడకు పట్టిన నలుపు, కండ్ల నీరు తెప్పించు పొగ, ఇవన్నియు ఇల్లాలు మోసి తెచ్చి, వంటకు ఉపయోగపడకుండ పోయిన కట్టెలోని భాగమే.

మూడు రాళ్ల పొయ్యిలో కట్టెనుండి పుట్టు వేడిలో పాత్రకు చేరునది నూటికి సుమారు 10 మొదలు 15 పాళ్లు మాత్రమే. తక్కినది గాలికి, నేలకు, పొగకు పోవును. రోజునకు 5 కిలోల కట్టె కాల్చు ఇంటిని లెక్కకై తీసికొందము. ఏడాదికి 1,825 కిలోలగును. నూటికి 12 పాళ్లు చేరుచోట 18 పాళ్లు చేరునట్లు చేయగలిగినచో కట్టెలో మూడవ వంతు మిగులును. అది ఏడాదికి సుమారు 6 క్వింటాళ్లు. మోపు 20 కిలోలనుకొన్నచో 30 మోపులు. ముప్పదిమార్లు అడవికో, చెఱువు కట్టకో నడిచిపోయి తలపై మోసి తెచ్చు శ్రమ ఆ మేరకు తగ్గినదన్నమాట.

పొగవలన కలుగు కీడు

పొగను మనవారు కండ్లమంటగా మాత్రమే ఎంచి ఓర్చుకొనుచున్నారు. కాని పొగలోని అతిసూక్ష్మమైన ధూళి ఊపిరితిత్తుల లోతులకు పోయి, అచ్చటనుండి రక్తములోనికి గూడ చేరును. గాలి సరిగా ఆడని ఇండ్లలో ఈ ధూళి ఆరోగ్యమునకు సహింపదగిన పరిమితికంటె 100 రెట్లు వరకు ఉండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వంటింటి పొగవలన 2020లో ప్రపంచమున 32 లక్షలమంది మరణించిరనియు, వారిలో 2 లక్షల 37 వేలకు పైగా అయిదేండ్లలోపు పిల్లలనియు ఆ సంస్థ అంచనా వేసినది. పిల్లలకు న్యుమోనియా, పెద్దలకు మానని దగ్గు, ఆయాసము, గుండెజబ్బు, పక్షవాతము, ఊపిరితిత్తుల క్యాన్సరు, స్త్రీలకు కంటిపొర, ఇవి పొగతో సంబంధముగల వ్యాధులు. గర్భిణి పొగ పీల్చినచో పుట్టు బిడ్డ బరువు తగ్గుటయు కలదు.

ఇంటిలో అందరికంటె ఎక్కువ పొగ పీల్చునది వంటచేయు స్త్రీ. ఆమె తరువాత ఆమె చంకనుండు బిడ్డ. కావున పొయ్యి మండుచున్నంతసేపు పసిపిల్లలను, గర్భిణులను, ఉబ్బసముగలవారిని పొయ్యికి దూరముగ నుంచవలెను. పొయ్యి దగ్గర ఎదురెదురుగా రెండు కిటికీలైనను, గోడపైభాగమున గవాక్షములైనను ఉండవలెను. వీలున్నచోట పొయ్యిని మూసిన గదిలో గాక, పైకప్పుండి ప్రక్కలు తెరచియున్న వసారాలో ఏర్పరచుట మేలు.

కట్టె ఎండవలెను

పొగకు మొదటి కారణము పచ్చికట్టె. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగము దాక నీరే యుండవచ్చును. అట్టి కట్టెను 10 కిలోలు మోసి తెచ్చిన ఇల్లాలు 5 కిలోల నీటిని మోసి తెచ్చినదన్నమాట. ఆ నీరు ఊరక పోదు. ఒక లీటరు నీటిని ఆవిరి చేయు వేడితో ఎనిమిది లీటర్ల చన్నీటిని మరుగ కాచవచ్చును. పచ్చికట్టె పెట్టిన పొయ్యి మొదట తన నీటిని తాను కాచుకొని, ఆ మిగిలిన వేడిని మాత్రమే మన పాత్రకిచ్చును. వేడి చాలక వాయువులు మండవు. పొయ్యి పొగలు చిమ్మును.

కట్టెను ఎండబెట్టుటకు ఖర్చేమియు లేదు, ముందుచూపు చాలును. దుంగలను మణికట్టు లావు పేళ్లుగా చీల్చవలెను. నీరు బెరడునుండి గాక, చీలిన ముఖములనుండియు కొసలనుండియు తేలికగా పోవును. కావున చీల్చని దుంగ ఏడాదియైనను లోపల పచ్చిగనే యుండవచ్చును. పేళ్లను నేలపై గాక రాళ్లమీదనో, కఱ్ఱలమీదనో జానెడెత్తున గాలి ఆడునట్లు పేర్చవలెను. మాఘ ఫాల్గుణములలో చీల్చి పేర్చిన కట్టె వేసవి ఎండలు ముగియుసరికి వానకాలపు వాడుకకు సిద్ధమగును. తొలకరికి ముందే పైన రేకు గాని, తాటాకు గాని కప్పి, ప్రక్కలు తెరచియుంచవలెను.

ఎండిన కట్టెను గుర్తించుట సులభము. రెండు పేళ్లను ఒకదానితో నొకటి కొట్టినచో ఖంగున మ్రోగును. పచ్చికట్టె దబ్బున మొద్దుగా పలుకును. ఎండినదానికి కొసలయందు పగుళ్లు కనిపించును, బెరడు వదులగును. మంటలో పెట్టినప్పుడు కొసనుండి నురుగు వచ్చి బుస్సుమన్నచో అది ఇంకను పచ్చియని తెలియవలెను.

తుమ్మ, సర్కారు తుమ్మ, సరుగుడు, చింత వంటి గట్టి కట్టె నిలిచి మండి మంచి నిప్పులనిచ్చును. కందికంప, పత్తికట్టె, కొబ్బరిమట్ట వేగముగ మండి చల్లారును. పొయ్యి రాజేయుటకు అవి మేలు. పిడకలు కట్టెకంటె ఎక్కువ పొగనిచ్చును. పేడను పొలమునకు ఎరువుగా పంపుటయే లాభము. గన్నేరు కట్టెను మాత్రము పొయ్యిలో పెట్టరాదు. దాని పొగ గూడ విషమే. రంగు పూసిన చెక్కలు, పాత టైర్లు, ప్లాస్టిక్ సంచులు వీనిని కాల్చుటవలన విషవాయువులు పుట్టును. పొయ్యి రాజేయుటకు ప్లాస్టిక్ సంచి ముక్క వాడు అలవాటు నేడు పల్లెలలో గూడ కనబడుచున్నది. దానిని మానవలెను. ఎండిన కొబ్బరిపీచు, చితుకులు ఆ పనికి చాలును.

గాలి ఆడవలెను

మంట తగ్గినదని పొయ్యి నిండ కట్టెలు క్రుక్కుట సామాన్యముగ జరుగుచుండును. దానివలన మంట పెరుగకపోగా పొగ పెరుగును. పొయ్యి నోటిలో కట్టె నిండిన కొలది గాలికి దారి తగ్గును. గాలి లేక వాయువులు మండవు. అప్పుడు ఇల్లాలు ఊదుగొట్టము తీసికొని పొయ్యిముందు వంగి ఊదవలసివచ్చును. ఊదుటకై లోతుగా పీల్చిన గాలిలో పొగయే ఎక్కువ. కట్టె సరిగా పెట్టినచో ఊదుగొట్టముతో పనియే యుండదు.

కట్టె పెట్టు పద్ధతి ఇది: బొటనవ్రేలికంటె కొంచెము లావైన రెండు మూడు పేళ్లను ఒకదానికొకటి సందు ఉండునట్లు పెట్టవలెను. వాని కొసలు మాత్రమే పాత్రక్రింద మండుచుండవలెను. కాలిన కొలది కొంచెము కొంచెముగా లోనికి నెట్టుచుండవలెను. పాత్ర పెట్టకముందే పొయ్యి రాజేసి, మంట నిలిచిన పిమ్మట పాత్ర పెట్టవలెను. చల్లని పాత్ర అడుగు తగిలిన మంట చల్లబడి మసిగా మారును.

కట్టె క్రిందనుండి గూడ గాలి రావలెను. నాలుగైదు ఇనుప కడ్డీలతో చేసిన చిన్న జల్లెడ వంటి దానిని పొయ్యి అడుగున రెండు మూడు అంగుళముల ఎత్తున అమర్చినచో, బూడిద క్రిందికి రాలును. గాలి కట్టెల నడుమనుండి పైకి పోవును. పాత ఇనుప కడ్డీలు చాలును. ఇంత చిన్న మార్పుతోనే పొగ తగ్గుట కండ్లకు కట్టినట్లు కనిపించును. ఉదయమున వంట మొదలిడుటకు ముందే ఆ బూడిదను తీసివేయవలెను.

పొయ్యి నిర్మాణము

పొగ లేని పొయ్యి నిన్న నేడు పుట్టిన ఆలోచన కాదు. వార్ధాలోని మగన్‌వాడిలో గ్రామపరిశ్రమల కార్యకర్తలు రూపొందించిన మగన్ పొయ్యి ఒకప్పుడు దేశమంతట ప్రచారము పొందినది. మన హైదరాబాదులోని ఇంజనీరింగు పరిశోధనాలయమునకు అధిపతిగా నుండిన డాక్టర్ ఎస్. పి. రాజుగారు పొగగొట్టముతో కూడిన మట్టిపొయ్యిని రూపొందించిరి. సామాన్యుల వంటయిండ్లను పొగనుండి తప్పించుటను గురించి ఆయన రచించిన ఆంగ్ల గ్రంథము 1953లో మద్రాసున వెలువడినది. ఒకే మంటతో ఒకటికంటె ఎక్కువ పాత్రలకు వేడి అందించుట, మిగిలిన పొగను గొట్టముద్వారా ఇంటి వెలుపలికి పంపుట, ఇవియే ఆ పొయ్యికి మూలసూత్రములు. మన ఇండ్లలోని కోడిపొయ్యి గూడ ఈ మొదటి సూత్రము నాధారము చేసికొన్నదే. పెద్దపొయ్యిలో అన్నము ఉడుకుచుండగా దాటిపోవు మంటతో ప్రక్క కుండలోని నీళ్లు కాగుచుండును.

పొయ్యి కట్టుకొనువారు నాలుగు సంగతులు గమనింపవలెను. మొదటిది, మంట కొన పాత్ర అడుగును తాకుచుండవలెను. కట్టెకును పాత్రకును నడుమ జానెడు కంటె ఎక్కువ దూరమున్నచో వేడి ప్రక్కలకు పోవును. మరీ దగ్గరైనచో మంట మండుటకు చోటు లేక మసి పట్టును. రెండవది, పాత్రను మోయు గడ్డలు ఎత్తుగా ఉండరాదు. పాత్రకును పొయ్యి అంచునకును నడుమ వ్రేలి మందము సందు చాలును. ఆ సందున మంట పాత్ర ప్రక్కలను రాచుకొనుచు పోవును. మూడవది, పొయ్యి నోరు పేళ్లు పట్టునంత ఉన్న చాలును. పెద్ద నోటినుండి చల్లగాలి లోనికి వచ్చి మంటను చల్లార్చును. నాలుగవది, బంకమట్టిలో వరి ఊకగాని, తరిగిన గడ్డిగాని కలిపి కట్టవలెను. ఉత్త మట్టి గోడ వేడిని త్రాగివేయును. ఊక కలిసిన మట్టి తేలికయై తక్కువ వేడిని పీల్చును, పగుళ్లు గూడ తక్కువ.

బజారులో దొరకు ఇనుప పొయ్యి కొనువారు భారతీయ ప్రమాణముల సంస్థ నిర్ణయించిన ప్రమాణమునకు అది సరిపోవునా అని అడిగి కొనవలెను. 2013లో సవరింపబడిన ఆ ప్రమాణము ప్రకారము, ఫ్యాను లేని పొయ్యి కట్టెలోని వేడిలో కనీసము 25 శాతమును, ఫ్యానుగలది 35 శాతమును పాత్రకు చేర్చవలెను.

పొగగొట్టము: పెట్టుటకంటె చూచుకొనుట ముఖ్యము

కేంద్రప్రభుత్వము 1983–84లో ప్రారంభించి 2002 వరకు నడిపిన మెఱుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమము క్రింద దేశమున మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టబడినవి. వానిలో పెక్కు కొద్ది ఏండ్లకే మూలబడినవి. గొట్టము మసితో పూడినది; మట్టి పగిలినది; ఇంటి పాత్రకు పొయ్యి కన్నము సరిపోలేదు; బాగుచేయువారు దగ్గరలో లేరు. దీనివలన మనము నేర్వదగిన పాఠమొకటి కలదు. పొయ్యిని ఒకరు కట్టియిచ్చినంత మాత్రమున చాలదు. ఆ ఇంటివారికి దానిని చూచుకొనుట తెలిసియుండవలెను. ఇంటిలోని పాత్రలను ముందుంచుకొని, వాని కొలతలకు పొయ్యిని కట్టవలెను.

పొగగొట్టము నాలుగంగుళముల వ్యాసము గల కాల్చిన మట్టిగొట్టముతోనో, రేకుగొట్టముతోనో అమర్చవచ్చును. ఆస్బెస్టాస్ గొట్టమును కోసినప్పుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు హానికరము గనుక దానిని వాడకుండుట మంచిది. గొట్టపు కొన ఇంటి కప్పు శిఖరముకంటె రెండు మూడు అడుగుల ఎత్తున ఉండవలెను. లేనిచో గాలి పొగను మరల ఇంటిలోనికి త్రోయును. వాన పడకుండ పైన టోపీ ఉంచవలెను. తాటాకు, గడ్డి కప్పుగల ఇండ్లలో గొట్టమును కప్పుగుండ తీయరాదు. గోడగుండ వెలుపలికి తీసి, కప్పునకు దూరముగ పైకి నిలుపవలెను.

నెలకొకమారు, పొయ్యి పూర్తిగా చల్లారిన పిమ్మట, పొడవైన కఱ్ఱకు గోనెగుడ్డ చుట్టి గొట్టములోని మసిని దులుపవలెను. మసి గూడ మండు పదార్థమే. పేరుకొన్న మసికి నిప్పంటుకొన్నచో గొట్టమునుండి రవ్వలు లేచి కప్పుమీద పడును. పొయ్యి నోటినుండి పొగ వెనుకకు తన్నుచున్నచో గొట్టము పూడినదని గ్రహింపవలెను.

మూత గూడ కట్టెను మిగుల్చును

పొయ్యి ఎంత మంచిదైనను పాత్రపై మూత లేనిచో వేడి ఆవిరియై పోవును. నీరు మరుగుట మొదలైన పిమ్మట మంట ఎంత పెంచినను నీటివేడి 100 డిగ్రీలు దాటదు. ఆవిరి మాత్రమే పెరుగును. కావున ఎసరు మరిగి బియ్యము పోసిన తరువాత ఒకటి రెండు పేళ్లు వెనుకకు లాగి సన్నని మంటపై ఉడుకనీయవలెను. వెనుకకు తీసిన పేళ్లను మట్టిలో గ్రుచ్చి ఆర్పి మరునాటికి వాడుకొనవచ్చును. కందిపప్పును, శనగలను, ఉలవలను ముందుగ నానబెట్టినచో ఉడుకు కాలము చాల తగ్గును. ప్రెషరు కుక్కరును కట్టెల పొయ్యిపై గూడ వాడవచ్చును. అడుగున తడిమట్టి పలుచగా పూసినచో మసి తోముట సులభము.

గడ్డిబుట్ట పద్ధతియు తెలిసికొనదగినదే. పెద్ద బుట్టలో అడుగున, ప్రక్కల ఎండుగడ్డి దట్టముగ పరచి, సగము ఉడికిన అన్నపు పాత్రను మూతతోసహ అందుంచి, పైన మరల గడ్డిసంచి కప్పినచో, మిగిలిన ఉడుకు నిప్పు లేకయే పూర్తియగును. పాత్రకు నిప్పుకణము అంటియుండలేదని చూచుకొని బుట్టలో పెట్టవలెను.

అగ్నిభయము

పొయ్యివలన కలుగు ప్రమాదములలో ఎక్కువ భాగము చిన్న అజాగ్రత్తలనుండి పుట్టినవే. తడికగోడ, గడ్డివామి, పిడకలగూడు, ఎండిన కట్టె వీనికి చేరువలో పొయ్యి ఉండరాదు. తడిక ప్రక్కన పొయ్యి పెట్టక తప్పనిచో నడుమ మట్టిగోడ కట్టవలెను. పొయ్యినుండి బారెడు పొడవున కట్టె వెలుపలికి చాచియుంచరాదు. పిల్లవాడు దానిని తన్నినచో నిప్పుతో సహా కట్టె ఇవతల పడును; ఎసరుకుండ ఒరిగిపోవును. వేసవిలో గాలి విసరు వేళ ఆరుబయట పొయ్యి వెలిగింపరాదు. పొయ్యి దగ్గర ఒక కుండెడు నీరు, ఒక డబ్బా ఇసుక ఎల్లప్పుడు ఉండవలెను.

మంట సరిగా రాజుకొనలేదని కిరసనాయిలు గాని, పెట్రోలు గాని పోయుట ప్రాణముతో చెలగాటమాడుటయే. వంటవేళ నూలు బట్ట కట్టుకొని, పమిటచెంగు నడుమున దోపుకొనవలెను. నైలాను, పాలిస్టరు బట్టలు కరగి ఒంటికి అంటుకొనును. బట్టకు నిప్పంటుకొన్నచో పరుగెత్తరాదు. పరుగువలన మంట పెరుగును. నేలపై పడి దొర్లవలెను. చూచినవారు గొంగడి గాని, మందపు దుప్పటి గాని కప్పి మంట నార్పవలెను.

కాలినచోట 20 నిమిషములు చల్లని నీరు ధారగా పోయవలెను. వాపు రాకముందే గాజులు, ఉంగరములు తీయవలెను. నేయి, సిరా, టూత్‌పేస్టు, బూడిద పూయరాదు. పొక్కులు చిదుపరాదు, ఒంటికి అంటిన బట్టను లాగరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి, కాలినది అరచేతికంటె పెద్దదైనను, ముఖముపై గాని, చేతులపై గాని, పసిబిడ్డకు గాని కాలినను వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

బూడిదను నమ్మరాదు. పైకి చల్లగా కనిపించు బూడిదలో నిప్పుకణములు ఒకనాడు గడచిన పిమ్మటను బ్రతికియుండవచ్చును. అట్టి బూడిదను పెంటపైనో, గడ్డివామి ప్రక్కనో పోసినచో, మధ్యాహ్నపు గాలికి అది రాజుకొని వాడ నంతటిని కాల్చివేయగలదు. బూడిదపై నీళ్లు చల్లి కలియబెట్టి, మరల తాకి చూచి పారబోయవలెను.

మూసిన గదిలో కుంపటి

పాడేరు, అరకు కొండలయందును, ఆదిలాబాదు ప్రాంతమునందును చలికాలమున నిప్పులను కుంపటిలో పోసి గదిలో పెట్టుకొని, తలుపులు బిగించి నిద్రించుట కలదు. ఇది మిక్కిలి ప్రమాదకరము. పొగ లేని బొగ్గునిప్పునుండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా బలముగ అది రక్తమును పట్టుకొనును. నిద్రలోనున్నవారు మేల్కొనకయే మరణింపవచ్చును. పొగ కనబడనంత మాత్రమున అపాయము లేదనుకొనుట ఇచ్చట పనికిరాదు. నిద్రించు గదిలో కుంపటి ఉంచరాదు. నిప్పు దగ్గర తలనొప్పి, తలత్రిప్పుట, వాంతి కలిగినచో వెంటనే వెలుపలి గాలికి వచ్చి, వైద్యుని చూడవలెను.

కొన్ని సందేహములు

“పొగ పట్టని కప్పు పురుగు పట్టునమ్మా” అని అత్తగారు కోడలితో అనుట, “పొగ వేయకున్న దోమలెట్లు పోవునత్తయ్యా” అని కోడలు అడుగుట మన ఇండ్లలో వినబడు మాటలే. ఈ మాటలలో కొంత నిజము లేకపోలేదు. పొగకు పురుగులు, దోమలు కొంత తొలగును. కాని వాసములను కాపాడుటకై బిడ్డల ఊపిరితిత్తులను మసిబార్చుట లాభసాటి బేరము గాదు. దోమలకు దోమతెర కలదు. ఊపిరితిత్తులకు మారు లేదు.

మంచి పొయ్యి ఉన్న చాలును, గ్యాసు అక్కరలేదని కొందరందురు. అదియు సరికాదు. కట్టెల పొయ్యి ఎంత మెఱుగైనను గ్యాసువలె శుభ్రముగ మండజాలదు. గ్యాసు ఉన్నవారు దినదినపు వంటను దానిపైననే చేసికొని, కట్టెల పొయ్యిని ఆరుబయటి నీళ్లకాపునకు, పశువుల ఉడుకునకు పరిమితము చేసికొనుట మంచిది. పశువులున్న ఇంటివారు గోబరు గ్యాసును గురించి గూడ ఆలోచింపవచ్చును. దానివలన వంటకు మంటయు, పొలమునకు ఎరువును రెండును దక్కును.

ఈ వారమే చేయదగిన పనులు

పైన చెప్పినవన్నియు ఒక్కనాడే చేయనక్కరలేదు. కట్టెను చీల్చి, నేలకెత్తుగా పేర్చుట, పొయ్యి అడుగున కడ్డీల జల్లెడ అమర్చుట, ప్రతి పాత్రకు మూత వెదకి పెట్టుట, పొయ్యి ప్రక్కన నీళ్లకుండ ఉంచుట, ఈ నాలుగును ఈ వారమే మొదలిడవచ్చును. ఈ పనులు ఇల్లాలివి మాత్రమే యని మగవారు తప్పించుకొనరాదు. దుంగ చీల్చుట, మట్టి కలుపుట, గొట్టము నిలుపుట ఇంటి యజమాని చేయవలసిన పనులు. మహిళా స్వయంసహాయక సంఘముల సభ్యులు నెలసమావేశమున ఈ సంగతి చర్చించి, ఊరిలో మంచి పొయ్యి కట్టగల ఇద్దరు ముగ్గురిని గుర్తించినచో, ఒక ఇంటి పొయ్యిని చూచి మఱియొక ఇంటివారు నేర్చుకొందురు.

ఇకమీదట మీ పొయ్యిలో పొగ లేచినప్పుడు ఊదుగొట్టము అందుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు: కట్టె ఎండినదా? గాలికి దారి ఉన్నదా? కట్టెలు ఎక్కువైనవా? ఈ మూటిలో ఒకదానికి సమాధానము సరిచేసినంతనే పొగ తగ్గి మంట తేటపడును. ఆ మేరకు మోపులో కట్టె మిగులును, కంట నీరు తగ్గును, పొయ్యి ప్రక్కన ఆడుకొను బిడ్డకు మంచి గాలి దక్కును.